మోరి తాడు

పోసవ్వ నోరు మంచిది గాదని బాన్సువాడంత అంటది. అననియ్యండ్రి, అనేటోళ్లకు ఏం పోతది? పాలల్ల నీళ్లు కలిపినోన్ని నడి బజార్ల నిలవెట్టి అడిగితె నోరు మంచిది గాదన్నరు. బస్సుల ఆడోళ్ల సీట్ల కూసున్న పెద్దమనిషిని లేపితె నోరు మంచిది గాదన్నరు. నోరు మంచిదైతె ఊరు మంచిదైతదంటరు. ఈ ఊరు పోసవ్వ నోటికి భయపడే ఇంత మంచిగున్నదో ఏమో, ఎవలకెరుక? గని అంతటి మనిషి కూడ ఒక్కసారి తిట్టరాని మనిషిని తిట్టింది. తిట్టాల్సినోడు పక్కపొంటి నిలవడి వంత పాడిండు. గా ముచ్చటే ఇది.

పోసవ్వ ఉండే ఇల్లు వాళ్లవ్వ లింగవ్వ కట్టింది. లింగవ్వ పిల్లప్పుడు నిజాంసాగర్ కాలువ తవ్వుతుంటె మన్ను తట్టలు మోసిన మనిషి. మొగడు తొందరగనే పోయిండు, మొగపిల్లలు లేరు, ఉన్నది ఒక్క బిడ్డ. కూలి చేసి కూడబెట్టి వర్నికి పోయే తొవ్వల జరంత పొలం కొన్నది. ఊర్ల పెంకుటిల్లు లేపింది. గోడలకు మన్ను తనే తొక్కింది. ఇంటెనుక తానం చేసే బండ కాడికెళ్లి మోరి తీసింది. ఆ మోరి ఎనుక గోడ కింద దూరి, ఎనుకింటోళ్ల వాకిట్ల బండల కింద నుంచి పోయి, అవుతల పెద్ద నాలల పడుతది. "నీళ్లకు తొవ్వ మనమే చూపెట్టాలె బిడ్డా, లేకుంటె అది గోడలకెళ్లి ఎతుక్కుంటది" అనేది లింగవ్వ.

కాలువ పనుల కాడ నేర్చుకొచ్చిన ఇగురం ఒకటి కూడ ఆ మోరిల పెట్టింది. మోరి పొడుగూత ఒక కొబ్బరి తాడు ఎప్పటికీ లోపలనే ఉంటది. ఈ కొస ఇక్కడ ఒక గూటానికి, ఆ కొస ఎనుకింటి వాకిట్ల ఒక గూటానికి కట్టి ఉంటది. ఏడాదికొకసారి, మిరుగం ముంగట, అంటే తొలి వాన పడే కార్తె ముంగట, ఆ తాడుకు ఈత మట్టలు కట్టి గుంజాలె. ఇటు ఒకలు, అటు ఒకలు. ఒకలు గుంజితె ఒకలు ఇడువాలె. ఒక్కలతోని అయ్యే పని కాదు. బురద, ఎంటికలు, బొగ్గులు, అన్నం మెతుకులు, ఏడాది గలీజంత కదిలి నాలలకు కొట్టుకపోతది. ఆఖర్ల ఒక బిందెడు పసుపు నీళ్లు పోస్తరు. అటు దిక్కు పచ్చటి నీళ్లు కనవడితె పని అయినట్టు.

ఎనుకింట్ల ఉండేది హీరాబాయి. ఆమె పెనిమిటి మోతీలాల్ కాలువ లస్కరు. తూములు కాసి, పొలాలకు వంతుల మీద నీళ్లిడిసే కొలువు. అరవై తొమ్మిదిల లంబాడి తండ నుంచి వచ్చి ఆ ఇల్లు కొన్నరు. తాడు ముచ్చట చెప్తె ఏమంటదో అని పోసవ్వ ఆనాడు కొంచెం గట్టిగనే పోయింది కొట్లాటకు తయారై. హీరాబాయి మొత్తం ఇన్నది. కొంగు నడుముకు చెక్కి, "ఏ కొస పట్టుకోవాలక్కా?" అన్నది. పోసవ్వకు తిట్టెటందుకు ఏం దొరకలే. ఆ దినం నుంచి ఇద్దరు అక్కచెల్లెండ్ల లెక్క అయిండ్రు. ప్రతి మిరుగానికి గోడ అవుతల నుంచి హీరాబాయి గొంతు ఇనవడేది, "పసుపొచ్చిందక్కా!" అని. అది ఇన్నంక గని పోసవ్వ పొయ్యి మీద చేపల కూర ఎక్కియ్యకపోయేది. అండినంక మొదటి గిన్నె గోడ మీదికెళ్లి అవుతలికే పోయేది.

లింగవ్వ సచ్చిపోయినంక ఆమె చీరలు ఎవలకియ్యబుద్ది కాలే పోసవ్వకు. హీరాబాయే అన్నది, "ఇయ్యకు అక్కా, బొంత కుడుదాం" అని. పోసవ్వకు సూది పని రాదు, హీరాబాయికి తండల పుట్టుకతోనే వచ్చిన పని. చలికాలమంత ఎండల కూసోని కుట్టింది. నాలుగు మూలలకు నాలుగు అద్దం బిళ్లలు పెట్టి, సుట్టు ఎర్రదారంతోని గొలుసు కుట్టు ఏసింది. ఆ బొంత కప్పుకుంటె అవ్వ పక్కల పండుకున్నట్టుంటదని పోసవ్వ అనేది.

ఇగ దేవిదాస్ ముచ్చట. దేవిదాస్ పోసవ్వ మొగడు. ఇల్లరికం వచ్చిండు. మనిషి మెత్తటోడు, తాగుడు లేదు, కొట్టుడు లేదు. పోసవ్వ ఒర్రుతుంటె నవ్వుకుంట బీడి ముట్టిచ్చుకునేటోడు. "నా మొగడు బంగారం" అని పోసవ్వ నలుగుట్ల చెప్పుకునేది. అది నిజమే అనుకున్నది ఇరవై రెండేండ్లు. గని మెత్తటోని కడుపుల ఏమున్నదో ఎవలు చూసిండ్రు? బజార్ల నలుగురు "పోసవ్వ మొగడు" అనే పిలిచేది గాని దేవిదాస్ అని పిలిచినోడు లేడు. పొలం అత్తది, ఇల్లు అత్తది. ఒక్కగానొక్క బిడ్డ పెండ్లి చేస్కొని కోటగిరికి పోయినంక ఆయనకు ట్రాక్టరు పిచ్చి పట్టింది. కోటగిరిల వియ్యంకుని ఇంటి ముంగట ఎర్ర ట్రాక్టరు చూసొచ్చిండు, ఇగ అన్నం తింటుంటె అదే, పండుకుంటె అదే. వర్ని కాడికెళ్లి వచ్చిన హరనాథబాబు బజార్ల ఎరువుల గోదాముకు జాగ ఎతుకుతుండు. పోసవ్వ ఇల్లు ఆయనకు నచ్చింది. దేవిదాస్ ఒక్కసారి, నవ్వులాటకు అన్నట్టు, "ఇల్లు అమ్మి ట్రాక్టరు తెద్దామా?" అన్నడు. "అవ్వ తొక్కిన మన్నయ్యా ఇది" అన్నది పోసవ్వ. ఆయన నవ్విండు. ముచ్చట ఆడికే ఒడిసిపోయిందనుకున్నదామె.

డెబ్బై తొమ్మిదిల మిరుగం వచ్చింది. పోసవ్వ ఈత మట్టలు తయారు పెట్టుకొని, "హీరా, ఇడువు!" అని కేకేసి తాడు గుంజింది. తాడు అల్కగ వచ్చింది. సగం తాడే వచ్చింది. కొస తెగి ఉన్నది.

"పందికొక్కు కొరికింది" అన్నడు దేవిదాస్.

పందికొక్కు కొరికితె కొస పోగులు పోగులైతది. ఈ కొస కత్తితోని కోసినట్టు ఉన్నది. పోసవ్వ దాన్ని అటుజేసి ఇటుజేసి చూసింది, చూసి పక్కకు ఏసింది. మొగడు చెప్పినంక ఇగ చూసేదేమున్నది?

మూడో నాడు వాన దంచింది. మోరిలకు పోవాల్సిన నీళ్లు పోలే. తానం బండ మునిగింది, పెరడంత నిండింది, నీళ్లు ఎనుక అర్ర గోడకు ఆనినయి. మట్టి గోడాయె. పోసవ్వ గోనెసంచులల్ల మన్ను నింపి గోడకు అడ్డమేసింది. దేవిదాస్ బొక్కెన పట్టుకొని వానల తడుసుకుంట నీళ్లెత్తి వాకిట్లకెళ్లి బజార్లకు పోసిండు. వాన తగ్గినంక మోరి మీది బండ లేపి, అంగి ఇడిసి, పెయ్యంత బురదల పెట్టి బోర్ల పండుకొని భుజం దాక చెయ్యి లోపల పెట్టిండు. అటు కదిపిండు, ఇటు కదిపిండు.

"మన దిక్కు ఏం లేదు పోసవ్వా. సాఫ్ ఉన్నది. అటు దిక్కే బంద్ చేసిండ్రు."

బురద చెయ్యి మీద చెంబుతోని నీళ్లు పోసి కడిగింది పోసవ్వ. మోచెయ్యి కాడ బండ గీసుకపోయి నెత్తురొస్తుంటె పసుపు పెట్టింది.

అటు దిక్కే అంటె నమ్మబుద్దయ్యే సంగతే. ఎండకాలం మోతీలాల్ వాకిట్ల కొత్త బండలు పరిపిచ్చిండు. పరిపిచ్చేటప్పుడు మోరి మూసేసిండ్రా? పోసవ్వ అడుగుదామని లేచింది. దేవిదాస్ ఆపిండు. "నువ్వు పోతె లొల్లి అయితది. నేను మోతీలాల్‌తోని మాట్లాడొస్త." పోయిండు, గంట సేపటికి మొఖం ఏలాడేస్కొని వచ్చిండు. "బండ తీసేది లేదన్నడు. మీ నీళ్లు మా ఇంటి కిందికెళ్లి ఎన్నొద్దులు పోవాలె అంటుండు."

గా మాట ఇన్నంక పోసవ్వ ఆగుతదా? ఉరుక్కుంట సుట్టు తిరిగి పోయి హీరాబాయి దర్వాజల నిలవడ్డది. హీరాబాయి రొట్టెలు చేస్తుంది. పిండి చేతులతోనే లేచి, "రా అక్కా" అన్నది.

"ఎవలే నీకు అక్క? కడుపుల ఇంత ఇసం పెట్టుకొని అక్కా అక్కా అనుకుంట తిరిగినవా? పదేండ్లు నా కూర తిని నా గోడనే కూలగొడ్తవా?"

"ఏందక్కా, ఏం చేసిన నేను? ఏమైందో చెప్పు, నేను..."

"ఏం చెప్పాలె నీకు? అడివిల పుట్టినోళ్లకు మోరి ఇలువ ఏం తెలుస్తదే! పో, మళ్ల తండకే పో. ఆడ నీళ్లు ఎట్ల పారినా అడిగేటోడుండడు!"

హీరాబాయి ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. ఆ మాట ఇన్నంక తెరిచిన నోరు మూసుకున్నది. చేతుల పిండి దులుపుకొని దర్వాజ ఏసింది. గొళ్లెం పెట్టిన సప్పుడు ఇనవడ్డది.

పోసవ్వ ఇంటికొచ్చి ఏడ్సింది. దేవిదాస్ మంచినీళ్లిచ్చిండు. "ఎంత చేసినా వాళ్లు వాళ్లే, మనం మనమే" అన్నడు. హీరాబాయిని పోసవ్వ రెండు తిడితె ఆయన ఒకటి తిట్టిండు.

ఆ నెలంత వానలే. పడ్డప్పుడల్ల ఇద్దరు నీళ్లెత్తుడే. ఎనుక గోడ కింది నుంచి నానుకుంట వచ్చింది. గోడకు పగులు పెట్టింది. ఒకనాడు పగటీలి గోడ మూల ఇంత పెల్ల ఊడి మంచం మీద పడ్డది. ఆ మన్ను చేతిలకు తీసుకుంటె అండ్ల వడ్లపొట్టు కనవడ్డది, అవ్వ కాలితోని తొక్కి కలిపిన పొట్టు. పోసవ్వ కూలవడి కూసున్నది. దేవిదాస్ పక్కల కూసోని నెత్తి మీద చెయ్యేసిండు.

"ఇల్లు పడితె పైసకు కొరగాదు. నిలవడి ఉన్నప్పుడే ఇచ్చేద్దాం. ఇసొంటి పక్కింటోళ్లతోని ఎట్ల బతుకుతం?"

అంత నోరున్న పోసవ్వ, "నీ ఇష్టం" అన్నది. హరనాథబాబుకు కబురు పోయింది. తెల్లారితె కాయిదాల మీద ఏలుముద్ర పెట్టుడు. ఆ కాయిదాలు రాపిచ్చుకొస్తనని దేవిదాస్ పొద్దుగాలనే వర్ని బస్సెక్కిండు.

పోసవ్వకు ఒక పట్టింపు ఉండె. ఇల్లు ఇడిసిపోయేటప్పుడు ఊడిసి, అలికి, ముగ్గేసి పోవాలె అని అవ్వ చెప్పేది. గిన్నె ఇచ్చినా కడిగి ఇయ్యాలె, ఇల్లు ఇచ్చినా కడిగి ఇయ్యాలె. నిండిన మోరి ఇడిసిపోతె లక్ష్మి ఎనుక రాదట. అటు దిక్కు మూసి ఉంటె ఉండనియ్యి, మన దిక్కన్న గలీజు తీసిపోదామనుకున్నది. గడ్డపార ఏసి బండ లేపింది. ఆ బండ ఎప్పుడు లేపినా దేవిదాసే లేపేది. ఆయన పండుకున్నట్టే బురదల బోర్ల పండుకొని చెయ్యి పెట్టింది. చెయ్యి గోడ కిందికి పోయింది. మోచెయ్యి దాటింది. భుజం దాక పోనే లేదు, మెత్తగ ఏదో తాకింది.

బట్ట. నీళ్లు తాగి ఉబ్బి మోరి నిండ బిర్రుగ కూసున్న బట్ట. గోడకు ఇవుతల, తన దిక్కే.

గుంజింది. రాలే. కాళ్లు బండకు తన్ని పెట్టి గుంజింది. రాలే. పానమంత చేతులల్లకు తెచ్చుకొని గుంజుకుంట, అలవాటు కొద్ది నోట్లకెళ్లి కేక ఎళ్లింది.

"నూకు హీరా!"

కేకేసినంక యాదికొచ్చింది హీరాబాయి నెల దినాల నుంచి మాట్లాడతలేదని. సిగ్గయ్యింది. అట్లనే బురదల పండుకోని ఉన్నది. జరంత సేపటికి గోడ అవుతల గడ్డపార సప్పుడైంది. కొత్త బండ లేస్తుంది. సున్నం పెట్టి అతికిన బండ పగిలిన సప్పుడైంది. ఎనుకనే ఎదురు బొంగు మోరిలకు దూరింది, బట్టకు అవుతల దిక్కు ఒక రాయి పెట్టి ఉన్నట్టున్నది, బొంగు దానికి తాకి టక్కు టక్కుమన్నది. అటు నుంచి నూకుడు, ఇటు నుంచి గుంజుడు.

ఒక్కసారి బుడుక్కుమన్నది. బట్ట వచ్చి పోసవ్వ మీద పడ్డది. పెరట్ల నిలిచిన నీళ్లంత సుడి తిరుక్కుంట మోరిలకు ఉరికినయి. నెల దినాల సంది ఇనని సప్పుడు అది.

పోసవ్వ ఆ సప్పుడు ఇంటలేదు. ఒళ్లె పడ్డ బట్ట మడతలు ఇప్పుతుంది. బురద కింద ఎర్రదారం గొలుసు కుట్టు. మూలకు అద్దం బిళ్ల. అవ్వ చీరలు.

పోయిన చలికాలం ఆ బొంత కనవడకపోతె దేవిదాసును అడిగింది. "పొలంల మోటరు కాడ జీతగాడు నర్సింలు చలికి వణుకుతుంటె ఇచ్చిన" అన్నడు. "అవ్వ బొంత ఇస్తవా?" అని ఇంత ఎత్తున లేచి, "పోనీ, పున్నెం చేసినవు" అని తనే సల్లవడ్డది. నమ్మి నానబోస్తె పుచ్చి బుర్రలయినయంట. ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టడంటరు, పోసవ్వెంత? చలికాలం నుంచే దాసిపెట్టిండు. ఇంట్ల ఇన్ని గోనెసంచులుండంగ, అవ్వ చీరలే దొరికినయా వానికి? ఊకె దొరికింది కాబట్టి పెట్టిండా, బిర్రుగ పడుతదని ఏరి పెట్టిండా?

"ఏమొచ్చింది?" అన్నది హీరాబాయి గోడ అవుతల నుంచి.

"బొంత."

అవుతల మోరిలకెళ్లి బొంగు బయటికి గుంజిన సప్పుడైంది.

"నీకు ఎరికేనా హీరా?"

"నువ్వు రోహిణి కార్తెల బిడ్డ ఇంటికి కోటగిరి పోయిననాడు బావ ఆ బండ లేపిండు. గోడ మీదికెళ్లి చూసిన. మోరి సాఫ్ చేస్తుండు అనుకున్న. నువ్వు కొట్లాటకొచ్చిననాడు అర్థమయ్యింది."

"మోతీలాల్ బండ తియ్యనియ్యనన్నడంట గద... మా ఆయన అడగ వచ్చినప్పుడు..."

"బావ మా ఇంటికి ఎన్నడొచ్చిండు? ఎవలడిగిండ్రు మమ్ముల?"

"మరి చెప్పకపోతివేందే!"

"చెప్దామనే నోరు తెరిచిన. నువ్వు తండకు పొమ్మన్నవు." బొంగు గోడకు ఆనిచ్చి, "చెప్తె మాత్రం నమ్ముతుంటివా? నీ మొగడు బంగారం గద" అన్నది.

పోసవ్వ నమ్మకపోయేది. గా పొద్దు చెప్తె ఇంకో రెండు మాటలు ఎక్కువనే అనేది. ఆ సంగతి ఆమెకూ ఎరికే, హీరాబాయికీ ఎరికే.

మాపటీలి దేవిదాస్ వచ్చిండు. చేతుల కాయిదాల సంచి, మొఖం నిండ సంబురం. పెరట్ల అడుగు పెట్టంగనే ఆగిపోయిండు. పెరడు ఎండి ఉన్నది, అలికి ముగ్గేసి ఉన్నది. దండెం మీద బొంత ఆరేసి ఉన్నది. మూలల అద్దం బిళ్లలు పొద్దుకు మెరుస్తున్నయి.

ఊరు పగిలిపోయేటట్టు ఒర్రుతదనుకున్నడు. పోసవ్వ ఒర్రలే. పీట ఏసింది. అన్నం పెట్టింది. చేతులు కడుక్కోను నీళ్లిచ్చింది. ఆయన ముద్ద నోట్లె పెట్టుకుంటలేడు.

"నీ మంచికే చేసిన పోసవ్వా. ట్రాక్టరు వస్తె మన బతుకు మారుతుండె. నువ్వు ఇయ్యనంటివి..."

"ఒక్కసారి నవ్వులాటకు అడిగినవు. మల్ల అడగలే. అడిగితె కొట్లాడుదును. కాదందును. మూడొద్దులు అన్నం తినకపోదును. ఆఖరికి ఒప్పుకుందునేమో. ఏమో, ఒప్పుకోకపోదును. ఏదన్న గాని అది మొగడు పెండ్లాల కొట్లాటాయె. నువ్వేం చేస్తివి?" పోసవ్వ చెంబు కింద పెట్టింది. "వానల తడుసుకుంట నాతోని నీళ్లెత్తి పోసినవు గదనయ్యా. నేను గోడకు సంచులేస్తుంటె అందిచ్చినవు గద. బొంత మీద చెయ్యి పెట్టి, ఏం లేదు పోసవ్వా అన్నవు. ఆ చెయ్యి నేను కడిగిన. పసుపు పెట్టిన."

దేవిదాస్ తల వంచుకున్నడు. "ఊరంత పోసవ్వ మొగడు, పోసవ్వ మొగడు అంటది. నాదని చెప్పుకోను ఒక్కటి లేదు."

"నేనుంటిని గద" అన్నది పోసవ్వ.

లేచి దండెం మీది బొంత తీసింది. జరంత తేమున్నది. నాలుగు మడతలు పెట్టి ఆయన పక్కల పెట్టింది.

"మోటరు కాడికి ఇచ్చిన అన్నవు గద. గా ఒక్క మాటన్న నిజం చెయ్యి. ఇది తీస్కపోయి ఆడ పండుకో. అన్నం పంపిస్త, ఫికర్ చెయ్యకు. రేపు హరనాథబాబుకు ఇల్లు అమ్ముతలేమని నువ్వే చెప్పు. నేను చెప్తె నోరు మంచిది గాదంటరు."

పోయిండు. ఆ పొద్దు నుంచి దేవిదాస్ పడక మోటరు కాడనే. పండుగకో పబ్బానికో వచ్చి వాకిట్ల కూసోని తిని పోతడు. పోసవ్వ ఎన్నడు తిట్టలే. అంతకు ముంగట రోజు పదిసార్లు తిట్టేది. ఆ తిట్లు మల్ల రావా అని ఆయన ఎదురు చూసేటోడని నర్సింలు చెప్తడు.

మోతీలాల్ పగిలిన బండ తీసి కొత్త బండ ఏసుకున్నడు. మరుసటేడు మిరుగానికి పోసవ్వ కొత్త తాడు తెచ్చింది. గోడ కాడ నిలవడి, "హీరా, తప్పు మాటన్న. నాలిక కోసుకోను మనసయితుంది" అన్నది. హీరాబాయి, "కొస ఇటు పారెయ్యి" అన్నది. గుంజిండ్రు. ఒకలు గుంజితె ఒకలు ఇడిసిండ్రు. ఒక్క చెయ్యి తప్పలే. పోసవ్వ పసుపు నీళ్లు పోసి చెవి గోడకు పెట్టింది.

"పసుపొచ్చింది" అన్నది హీరాబాయి.

అక్కా అనలే. బండ మూసి లోపలికి పోయింది. చేపల కూర గిన్నె గోడ మీద పెడితె తీసుకున్నది, కడిగి మల్ల గోడ మీద పెట్టింది.

ఎనభై ఐదు వచ్చింది. బస్టాండు పెద్దగైంది, బజార్ల టీవీ దుకాణం పెట్టిండ్రు. మోరి మంచిగ పారుతుంది, ఎనుక గోడ ఇటుకలతోని కట్టుకున్నది పోసవ్వ. ప్రతి మిరుగానికి హీరాబాయి వస్తది, కొస పడుతది, పసుపొచ్చింది అంటది, అక్కా అని మాత్రం అంటలేదు. పోసవ్వ జరంత సేపు గోడ కాడనే నిలవడుతది. అటెంక, మోరి సాఫ్ ఉన్నదని ఎరికుండి కూడ, ఇంకొక బిందె పసుపు నీళ్లు కలిపి పోస్తది.